లెఫ్ట్ బ్యాక్‌కు ఎన్ని ఆజ్ఞలు

యోనా మాస్టారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు. అడిగినవాడి చేత ముందు ఏదో ఒక పని చేయిస్తారు. ఆ పనిలో జవాబు దొరికితే సరే, దొరక్కపోతే వచ్చే ఆదివారం మళ్ళీ రమ్మంటారు. విశాఖలో ఏళ్ళ తరబడి కుర్రాళ్ళకు ఫుట్‌బాల్ నేర్పిన మనిషి ఆయన. మోకాలు అరిగిపోయి గ్రౌండుకు దూరమయ్యాక కంప్యూటర్ ముందు చేరారు. అందులో ఒక ఫుట్‌బాల్ ఆట ఉంది. బంతిని మనం తన్నక్కర్లేదు. జట్టును ఎంచుకుని, ఎవడు ఎక్కడ నిలబడాలో, ఎవడు ఏం చెయ్యాలో ముందే చెప్పి, ఆ తర్వాత తెర మీద వాళ్ళు ఆడుతుంటే గోళ్ళు కొరుక్కుంటూ చూడ్డమే మన పని. ఊళ్ళో ఆ ఆట పిచ్చి ఉన్నవాళ్ళంతా కలిసి ఒక లీగు పెట్టుకున్నారు. అందులో మాస్టారి జట్టు ఎప్పుడూ పైవరసలోనే ఉంటుంది కనక ఈ వయసులోనూ ఆయనకు శిష్యులకు కొదవ లేదు.

ఆ శిష్యుల్లో కుదురు లేనివాడు కిరీటి. ఆ ఆదివారం సాయంత్రం లాప్‌టాప్ చంకన పెట్టుకుని, చెప్పులు ఒకటి గుమ్మం ఇవతల, ఒకటి అవతల విడిచి లోపలికొచ్చాడు. కూర్చోకుండానే అడిగాడు.

"మాస్టారండీ, మావాళ్ళకి నేను చెప్పనిదంటూ లేదండీ. ఎవడెప్పుడు కదలాలో, ఎవడెప్పుడు ఆగాలో అన్నీ చెప్పాను. అయినా ఎందుకండీ ఓడిపోతన్నారు?"

మాస్టారు అతని ముఖంలోకి చూశారు. నిద్రపోయి ఎన్నాళ్ళయిందో అన్నట్టుంది ముఖం. కారణం ఆయనకు తెలుసు. ఆ లీగులో ఒక నిర్దాక్షిణ్యమైన నియమం ఉంది. ఏడాది చివర అట్టడుగున మిగిలిన జట్టును రద్దు చేస్తారు, దాని ఆటగాళ్ళను మిగిలినవాళ్ళు తలా ఒకరిని తీసుకుపోతారు. కిరీటి జట్టు యారాడ యునైటెడ్ ఇప్పుడు ఆ అంచు మీదే ఉంది. ఆఖరి మ్యాచ్ ఇంకాసేపట్లో మొదలవుతుంది. ఓడితే జట్టు ఉండదు, కనీసం డ్రా అయినా గట్టెక్కుతుంది. నవ్వేవాళ్ళు నవ్వొచ్చు, తెర మీది బొమ్మలకు ఇంత ఏడుపెందుకని. కానీ కిరీటి ఉద్యోగం పోయి ఇంట్లో పడి ఉన్న ఏడాది, పొద్దున్నే మంచం దిగడానికి అతనికి మిగిలిన ఒకే ఒక్క కారణం ఆ జట్టు. తర్వాత ఉద్యోగమైతే దొరికింది. ఆ పదకొండు మంది మీద మమకారం మాత్రం తగ్గలేదు. వాళ్ళను ఎవరెవరో పంచుకుపోతారన్న ఊహతో రాత్రుళ్ళు ఆ లాప్‌టాప్ ముందే కూర్చుంటున్నాడు.

"ఏదీ, చూపించు," అన్నారు మాస్టారు.

తెర మీద మైదానం కనిపించాలి. కనిపించలేదు. దాని నిండా బాణాలే, మూకుట్లోకి జంతికలు వత్తినట్టు. ఒక్కో ఆటగాడి పేరు మీద నొక్కితే ఆజ్ఞలు కిందికి జారుతూనే ఉన్నాయి. ఓడిన ప్రతి మ్యాచ్ తర్వాత కిరీటి ఒక ఆజ్ఞ చేర్చేవాడు. చేర్చడమే తప్ప పాతది ఏనాడూ తీసేవాడు కాదు. అది ఎందుకు పెట్టాడో మర్చిపోయినా సరే, తీస్తే ఆ పాత గోల్ మళ్ళీ పడుతుందేమోనని భయం. అందరిలోకీ ఎక్కువ మోత ఎడమవైపు డిఫెన్స్ కాసే లెఫ్ట్ బ్యాక్ సింహాద్రి మీద పడింది. స్వభావరీత్యా వాడు దూకుడు మనిషి. సందు దొరికితే ముందుకు పరిగెత్తే రకం. ఎప్పుడో ఒకసారి అలా పరిగెత్తినప్పుడు వెనక ఖాళీలోంచి గోల్ పడింది. అప్పట్నుంచీ కిరీటి వాణ్ణి మైదానం మధ్యలో ఉండే సగం గీత దాటనివ్వడం లేదు.

మాస్టారు కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. "మొదటి సగం ఆడించు," అన్నారంతే.

ఆ సగం కిరీటికి నరకమే అయింది. లేస్తాడు, కూర్చుంటాడు, కుర్చీ ముందుకు లాక్కుంటాడు. తెర మీద సింహాద్రి బంతి అందుకుని నాలుగడుగులు వేస్తాడు, ఆగుతాడు, వెనక్కి తిరుగుతాడు, మళ్ళీ ఆగుతాడు. అలా ఆగిన ఒకసారి అవతలివాడు కాళ్ళ మధ్యలోంచి బంతి లాక్కుపోయి గోల్ కొట్టాడు. కిరీటి నెత్తి కొట్టుకుని, గబగబా వాడికి ఇంకో ఆజ్ఞ చేర్చాడు. దాంతో వాడు ఇంకొంచెం ఎక్కువసేపు ఆగడం మొదలుపెట్టాడు.

విరామం వచ్చింది. "ఇంకోటి చెప్పాలండీ వాడికి. ఒక్కటే, ఒక్కటి చెప్తే సరిపోద్ది," అంటూ కిరీటి మౌస్ అందుకున్నాడు.

మాస్టారు కుర్చీ చేతుల మీద బరువు మోపి లేచారు. "వాడికేటి చెప్పావో అవన్నీ ముందు నాకు చెప్పు. నేనే సింహాద్రిని. ఆ వంటింటి గుమ్మం అవతలోళ్ళ గోల్. ఈ చాప అంచు సగం గీత. బంతి నా కాళ్ళ దగ్గరుంది. ఊఁ, కానీ."

కిరీటికి ఇది సమయం కాదనిపించింది. కానీ మాస్టారితో వాదించి గెలిచినవాడు లేడు. "బంతి దొరికితే ముందుకెళ్ళాలండీ," అన్నాడు.

మాస్టారు కుడి పాదం ఎత్తారు.

"గీత మాత్రం దాటకూడదండీ."

ఎత్తిన పాదం చాప అంచు మీద గాలిలో ఆగింది.

"పక్కవాడు దగ్గరికొస్తే మీరు బయటికి జరగాలి. వాడు జరిగితే మీరు లోపలికి రావాలి. ఎవడూ రాకపోతే బంతి పట్టుకుని చూడాలండీ. అలాగని ఆలస్యం చెయ్యకూడదు. వెనక ఖాళీ వదలకూడదు..."

చదువుతూ తలెత్తి చూస్తే మాస్టారు ఒంటికాలి మీద ఊగుతున్నారు. అరిగిన మోకాలి మీదే మనిషి బరువంతా ఉంది. నుదుటి మీద చెమట పట్టింది. చేతులు గాలిలో దేన్నో పట్టుకోబోతున్నాయి. పాదం మాత్రం దిగడం లేదు. వంటింట్లోంచి మాస్టారి భార్య మార్తమ్మగారు తొంగిచూసి, "ఆ మోకాలితో ఏటండీ ఆ విన్యాసం!" అని కేకేశారు.

"మాస్టారండీ, కాలు దించండి!"

"ఎక్కడ దించమంటావు?"

కిరీటి గబుక్కున తెర వైపు చూశాడు, ఆజ్ఞల్లో వెతికాడు. అందులో లేదు. ఈలోగా మాస్టారు పక్కకు ఒరిగిపోతున్నారు.

"ఎక్కడో అక్కడ దించండి మాస్టారూ! మీకెక్కడ వీలైతే అక్కడే! పడిపోతారు!"

మాస్టారు పాదం దించారు. అది గీతకు అవతలే పడింది. మనిషి నిలబడ్డారు. వెళ్ళి కుర్చీలో కూర్చుని మోకాలు రాసుకోసాగారు.

కిరీటి చాప అంచు వైపు చూశాడు. తర్వాత లాప్‌టాప్ ముందు కూర్చుని ఒక్కో ఆజ్ఞా తీసెయ్యడం మొదలుపెట్టాడు. ప్రతిదాని వెనకా ఒక ఓటమి ఉంది, దాన్ని చేర్చిన రోజు పడిన బాధ ఉంది. అవి తీసేస్తుంటే ఇంటి తలుపులన్నీ తెరిచి పెట్టి ఊరికి పోతున్నట్టుంది. చివరికి ఎవడి చోటు వాడికి మిగిలింది. జట్టు మొత్తానికి ఒకే మాట మిగిలింది, బంతి దొరికితే దగ్గర్లో ఉన్న మనవాడికి ఇవ్వమని. మైదానం ఆకుపచ్చగా బయటపడింది.

రెండో సగంలో అతను రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. కాళ్ళు మాత్రం ఆగలేదు. మొదట్లోనే సింహాద్రి బంతి పోగొట్టుకున్నాడు, అవతలివాళ్ళు కొట్టిన బంతి గోల్ స్తంభానికి తగిలి తిరిగొచ్చింది. కిరీటి చెయ్యి దానంతటదే మౌస్ మీదికి పోయింది. మాస్టారు ఆపుతారేమోనని చూశాడు. ఆయన కళ్ళు మూసుకుని మోకాలు రాసుకుంటున్నారు. ఆపేవాళ్ళు లేరని తెలిశాక, అతనే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఇంకాసేపట్లో ఆట ముగుస్తుందనగా బంతి మళ్ళీ సింహాద్రి కాళ్ళ దగ్గరికొచ్చింది. వాడు ఆగలేదు. గీత దాటాడు. ఇన్నాళ్ళుగా వాడు ఆ గీత దాటడం లేదు కనక అవతలివాళ్ళు ఆ వైపు కాపలాయే పెట్టలేదు. వాళ్ళు తేరుకుని పరిగెత్తేలోగా వాడు మూల దాకా దూసుకుపోయి బంతిని గోల్ ముందుకు కొట్టాడు. అక్కడున్న మనవాడు తల ఆనించాడు. గోల్. ఆ వెంటనే విజిల్.

డ్రాతో యారాడ యునైటెడ్ నిలబడింది. కిరీటికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. చొక్కా చేతితో ముఖం తుడుచుకుని, తెర మీద రొప్పుతున్న సింహాద్రిని చూస్తూ అన్నాడు.

"వాణ్ణి వెళ్ళమని నేను చెప్పలేదండీ. అసలు ఈసారి వాడికి నేనేమీ చెప్పలేదు."

మాస్టారు మోకాలి మీంచి చెయ్యి తీశారు.

"అదే విన్నాడు," అన్నారు.