కుడి చెవి ఎముక

కిరీటి ఎడమ చెవి ఎముకను పొడి చేసి చూశాడు. ఏమీ రాలేదు. ఇక మిగిలింది కుడిది.

చెవులు అతనివి కావు. మా ఊరి పొలాల్లో, రాక్షసగుళ్ళని మేం పిలిచే పాతకాలపు సమాధి బండల కింద బయటపడిన ఒక ఆడమనిషివి. ఆవిడ పోయి రెండున్నర వేల ఏళ్ళయిందట. ఒంట్లో అన్నిటికన్నా గట్టి ఎముక చెవి లోపల ఉంటుందట. పోయినవాళ్ళ డీఎన్ఏ ఎక్కడైనా మిగిలితే అక్కడే మిగలాలట. మా ఎండలకి అక్కడా మిగలదని మేం ముందే చెప్పాం, ఏ పరిశోధనా చెయ్యకుండానే.

పొలం ఎల్లమందయ్యది. కాబట్టి ఆవిడ తన ముత్తవ్వేనని ఆయన వాదన. ఆయన ఆ పొలం కొని పదకొండేళ్ళయింది.

కిరీటి ఐదేళ్ళుగా డాక్టర్ కాత్యాయని గారి శిష్యుడు. పాత ఎముకల్లో మనుషుల పరిణామం వెతకడం ఆవిడ పని. ఊళ్ళో ఆవిడని ఎముకలమ్మ అంటాం. అలా పిలిచినా పలుకుతారు. వాళ్ళ సామాను పెట్టుకోవడానికి పంచాయతీ పశువుల ఆసుపత్రి గది ఇచ్చింది. పశువుల డాక్టరు ఎలాగూ రాడు.

వేసవి చివరికి కిరీటి ఫెలోషిప్పు అయిపోతుంది. ఆలోగా బండల కింది ఆడమనిషి డీఎన్ఏ దొరికితే డాక్టరేటుతో పాటు పేరూ వస్తుంది. దొరక్కపోతే ఐదేళ్ళకీ చూపించడానికి ఏమీ లేదు. వాళ్ళ మామగారు ఫోను చేసినప్పుడల్లా, "ఆ ముసలమ్మ ఏమైనా మాట్లాడిందా అల్లుడూ?" అని అడుగుతున్నాడు.

ఒక రోజు పొద్దున కాత్యాయని గారు గదిలో ఉండగా కిరీటి ఎముకల బీరువా ముందు నిలబడ్డాడు. మేం అరుగు మీదే ఉన్నాం. పని లేక కాదు, నీడ కోసం.

"తాళం ఇవ్వండి మేడమ్. కుడిది కూడా హైదరాబాద్ ల్యాబ్‌కి తీసుకెళ్తాను."

"ఎందుకు?"

"ఈసారి పొడి ఎక్కువ తీస్తాను. వస్తుంది."

"రాకపోతే?"

"వస్తుంది మేడమ్."

ఎల్లమందయ్య గుమ్మంలోంచి తల లోపలికి పెట్టాడు. "రెండు చెవులూ తీసేస్తే మా ముత్తవ్వకి వినపడేదెట్టాగయ్యా?"

"మీ మాటలు వినే బాధ తప్పుతుందిలే బాబాయ్," అన్నాడు కిరీటి.

కాత్యాయని గారు తాళంచెవి శిష్యుడి చేతిలో పెట్టారు. "పై అరలో రేకు డబ్బా ఉంటుంది. ముందు అది తియ్యి."

తీశాడు. ఒకప్పటి బిస్కెట్ల డబ్బా. లోపల దూదిలో ఒక దవడ. ఒక్క పన్నూ లేదు, అన్నీ గుంటలే. ఎముక నిండా సన్నని రంధ్రాలు, జల్లిగరిటెలాగా.

"ఎవరిది మేడమ్?"

"తెలియదు. నీ వయసులో ఉన్నప్పుడు ఒక గుహలో నాకు దొరికింది. అప్పుడు పధ్నాలుగు పళ్ళున్నాయి."

"ఏమయ్యాయి?"

"పొడి చేశాను. ఒక్కొక్కటే. తర్వాతి దాంట్లో వస్తుందనుకుంటూ. పళ్ళయ్యాక దవడని తొలిచాను."

"వచ్చిందా?"

"లేదు. అప్పటి యంత్రాలకి అంత చిన్న డీఎన్ఏ ముక్కలు చదవడం చేతకాదు."

కిరీటి దవడని వెలుతురులోకి తిప్పాడు. అతని మొహంలోకి ఉత్సాహం వచ్చింది. "గుహ అంటే చల్లగా ఉంటుంది. ఇందులో ఉండే ఉంటుంది మేడమ్. ఇప్పటి పద్ధతికి ఒక్క పన్ను చాలు!"

"చాలు," అన్నారావిడ. "ఏ పన్ను తీసుకుందాం?"

కిరీటి ఖాళీ గుంటల మీద వేలు పెట్టి చూశాడు. గుమ్మంలో ఎల్లమందయ్య మాట్లాడలేదు. మా ఊళ్ళో అదెప్పుడూ జరగలేదు.

కిరీటి దవడని మళ్ళీ దూదిలో పడుకోబెట్టి, డబ్బా మూసి, పై అరలో పెట్టాడు. కుడి చెవి ఎముకని ఒక చిన్న పెట్టెలోకి సర్దాడు, ప్రయాణానికి కాదు, బీరువాలో దాచడానికి. బల్ల దగ్గర కూర్చుని చీటీ రాయడం మొదలుపెట్టాడు. ఊరి పేరు, తవ్విన చోటు, లోతు. కింద: కుడి చెవి ఎముక. ముట్టలేదు. ఇంకా కింద: ఎడమది నేను పొడి చేశాను. ఏమీ రాలేదు.

"నా థీసిస్సు?" అన్నాడు తల ఎత్తకుండా.

"ఎడమ చెవి గురించి రాయి. ఏమీ రాలేదనే రాయి."

"నవ్వుతారు మేడమ్."

"నవ్వుతారు."

కిరీటి చీటీ కింద తన పేరు రాశాడు. ఆవిడ వంగి చూశారు.

"అక్షరాలు ఇంకాస్త విడివిడిగా రాయి నాయనా. చదవాల్సినవాళ్ళు ఇంకా పుట్టలేదు."