గవరయ్య చాప

ఊఁ కొట్టేవాళ్ళుంటేనే చెబుతాను. నిద్రొచ్చేవాళ్ళు గోడవైపు తిరిగి పడుకోండి, నాకేం కోపం లేదు. ఊఁ అన్నారా? సరే.

అనగనగా, కొండ మీది మంచు పట్టపగలే ఊళ్ళోకి దిగి, వీధులన్నీ చూసుకుని తిరిగిపోయే కాలంలో, ఒక ఏటి ఒడ్డున ఒక హైస్కూలు. ఆ హైస్కూలు వెనక రాళ్ళతో కట్టిన ఆట అరుగు. ఒకప్పుడు ఆ అరుగు మీద భాగవతులు పాడుతూ ఆడేవారు. ఒక్కొక్కరే పోయారు. మద్దెల పోయింది. గజ్జెలు పోయాయి. అరుగు మీద మేకలు పడుకున్నాయి.

మిగిలింది ఒక్క గవరయ్య. గవరయ్య ఎన్నడూ వేషం కట్టలేదు. ఆయన వంతగాడు. ముందు నిలబడ్డవాడు పాట ఎత్తుకుంటే, వెనక చాప మీద కూర్చుని చివరి ముక్క అందుకునేవాడు. జనం వేషగాణ్ణి చూస్తారు గానీ వంతగాణ్ణి ఎవరు చూస్తారు? ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ కష్టంగానే ఉంటుంది.

ఒకనాడు ఊరిపెద్ద సన్నిబాబు, "ఆడేవాళ్ళు లేని అరుగెందుకు? రాళ్ళు పీకి బడికి గోడ కడదాం" అన్నాడు.

బడిలో నరసింగ మాస్టారు అడ్డుపడ్డాడు. "జాతర దాకా ఆగండి. మా పిల్లలు ఏటమ్మ పెళ్ళి ఆట కడతారు."

"సరే. ఆట మధ్యలో ఆగిందా, మర్నాడే అరుగు పీకుతాం" అన్నాడు సన్నిబాబు.

మాస్టారికి పాట రాదు. పిల్లలకు ఆట రాదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమంటే ఇదే కదా!

మాస్టారు గవరయ్య ఇంటికి వెళ్ళాడు. గవరయ్య తాడు పేనుతున్నాడు. "నాను వంతగాణ్ణి బాబూ. నాకు పాటల తలలు తెలవ్వు, తోకలే తెలుసు" అన్నాడు.

మాస్టారు రెండోసారి వెళ్ళాడు. "ఒట్టి తోకల్తో ఆటేటి బాబూ?" అన్నాడు గవరయ్య.

మూడోసారి మాస్టారు పిల్లల్ని వెంటబెట్టుకు వెళ్ళాడు. వాళ్ళలో ఎర్నమ్మ అనే పిల్ల ఉంది. మనుషులు చూస్తే ఆ పిల్లకు గొంతు పెగలదు, మేకలకైతే ఎంతసేపైనా పాడుతుంది. ఆ పిల్ల గవరయ్య ఇంటి మేకను చూసి, "రావే నల్లమేకా, పొద్దు గూకిపోయె" అని కూనిరాగం తీసింది. గవరయ్య నోరు దానంతటదే, "పొద్దు గూకిపోయె" అని అందుకుంది. ఇంకేముంది, తాడు పక్కన పడేసి లేచాడు.

"తలలు మీరు ఏరుకు రండి గుంటల్లారా. తోకలు నాను అతుకుతాను" అన్నాడు.

పిల్లలు తలలు వెతుక్కుంటూ వెళ్ళారు. ఒకటి నాట్లేసే చేలో దొరికింది. ఒకటి తిరగలి దగ్గర దొరికింది. ఒకటి ఏటి ఒడ్డున, ఎవరూ పాడకుండానే దొరికింది. పిల్లలు, "కొండకు మొక్కింది, కోనకు చెప్పింది" అనేవారు. గవరయ్య, "కడలి ఇంటికి ఏటమ్మ పోతున్నదమ్మా" అనేవాడు. తల పిల్లలది, తోక గవరయ్యది.

ఒకడి గొంతు కప్ప గొంతు. ఇంకొకడికి ఏడవాల్సిన చోట నవ్వొస్తుంది. ఏటమ్మ వేషం ఎర్నమ్మది, కళ్ళు మూసుకుంటే తప్ప పాడలేదు. అయినా మంచులో వాళ్ళు పాడుతుంటే, ఏరు రోజూ కాస్త దగ్గరికి జరిగి వినేదని మా అమ్మమ్మ చెప్పేది. నమ్మకపోతే మానెయ్యండి.

"మరిసిపోతే ఏటి సెయ్యాలి తాతా?" అని అడిగింది ఎర్నమ్మ.

"తల నువ్వనమ్మా. తోక నానంతాను."

జాతర ఇంకా రాలేదు, గవరయ్య పోయాడు. పండుటాకు రాలినట్టు నిద్రలోనే పోయాడు. ఇక ఆట వద్దని పిల్లలంతా ఏడ్చారు. ఎర్నమ్మ మాత్రం, "తాత అంతానన్నాడు కదా" అని ఆయన చాప తెచ్చి అరుగు మీద, ఆయన చోటులోనే పరిచింది.

జాతర వచ్చింది. దీపాలు పెట్టారు. ఎర్నమ్మ కళ్ళు తెరిచి, ఎత్తుకుంది. "కొండకు మొక్కింది, కోనకు చెప్పింది..."

అలవాటు కొద్దీ ఆగింది. వెనక్కి చూసింది. చాప ఖాళీ. తోక ఎలా అనాలో మరిచిపోయింది. మాస్టారు తల దించుకున్నాడు. అరుగు పోయినట్టే.

అప్పుడు ముందు వరుసలోంచి ఒక బొంగురు గొంతు, "కడలి ఇంటికి ఏటమ్మ పోతున్నదమ్మా" అంది. ఎవరో కాదు, సన్నిబాబు! తన నోట్లోంచి పాట వచ్చిందని తానే ఉలిక్కిపడ్డాడు. చిన్నప్పుడు అమ్మ ఒళ్ళో ఆట చూస్తూ చూస్తూ నిద్రపోయేవాడు. అప్పుడు చెవిలో పడ్డది గవరయ్య గొంతే. ఆ ఊళ్ళో అందరూ అలా నిద్రపోయినవాళ్ళే. తలలు ఏ ఒకరిద్దరికో గుర్తు, తోకలు మాత్రం అందరికీ వచ్చు. ముసలమ్మలు అందుకున్నారు, ఆడవాళ్ళు అందుకున్నారు, ఊరంతా అందుకుంది. ఎర్నమ్మ ఏడుస్తూనే రెండో తల ఎత్తుకుంది. ఆట చివరిదాకా సాగింది.

ఆ అరుగు ఇప్పటికీ ఉంది. పిల్లలు ఆట కట్టినప్పుడల్లా మొదట ఒక చాప పరుస్తారు, దాని మీద ఎవరూ కూర్చోరు. చూసేవాళ్ళే వంత పాడతారు. పాట మరిచిపోయిన పిల్లను చూసి ఎవరూ నవ్వరు. ఆ చుట్టుపక్కల ఎవరికైనా గుండె జారి నోరు పెగలకపోతే, పెద్దవాళ్ళు వీపు నిమిరి చెప్పే మాట ఒకటే.

"తల నువ్వను. తోక గవరయ్యంతాడు."

కథ కంచికి బయల్దేరింది. చివరి ఊఁ ఎవరిది? గట్టిగా కొట్టండి, ముసలాయనకు వినబడాలి.