నాంచారి రెల్లుకట్ట

అనగనగా ఏటిగట్టు వారన ఒక ఊళ్ళో నాంచారి అని ఒక కొత్తకోడలు ఉండేది అమ్మలూ. ఆ పిల్లకి కాలు ఒక్కచోట నిలిచేది కాదు. అన్నం ఉడుకుతుంటే మాటిమాటికీ మూత తీసి చూసేది. పాలు తోడేస్తే, తోడుకున్నాయో లేదో అని గిన్నె కదిపి చూసేది.

"కదిపితే పెరుగు నీళ్ళవుతుందే తల్లీ," అని అత్త బసవమ్మ నెత్తి కొట్టుకునేది.

నాంచారి పుట్టినూరు ఆనకట్ట నీళ్ళలో మునిగిపోయింది. ఇల్లూ పోయింది, పెరడూ పోయింది. వాళ్ళమ్మ కొంగున ముడేసి ఇచ్చిన కాసిని దోసగింజలు మాత్రం మిగిలాయి. ఆ రకం దోస ఇంకెక్కడా లేదు. కాయ కాస్తేనే మళ్ళీ గింజ. లేకపోతే ఆ దోసకి అదే ఆఖరు.

"సగం దాచుకోవే," అంది అత్త. ఆగితేనా? ఉన్నవన్నీ పెరట్లో పెట్టేసింది. పాదు అల్లుకుంది. పసుపుపచ్చగా పూసింది. ఆ తర్వాత పూసినవి పూసినట్టే రాలిపోయాయి. పిందెలు ముడుచుకుని ఎండిపోయాయి.

"తేనెటీగ వాలందే పిందె నిలవదు," అంది బసవమ్మ.

వాలడానికి ఈగలేవీ? నాంచారి మొగుడు సూరప్పడు మొన్ననేగా చింతచెట్టు మీది తేనెపట్టుకి పొగబెట్టి కొట్టుకొచ్చాడు. వీధంతా తేనె నాకింది. నాంచారీ నాకింది.

అప్పుడు ఒకనాడు పొద్దున్నే గదితలుపు తాళంలోకి తాళంచెవి దూరలేదు. చూస్తే కన్నం నిండా తడిమట్టి. బసవమ్మ పిన్నీసుతో గీకితే, మట్టితోపాటు పూలపుప్పొడి రాలింది. కాసేపటికి ఒక చిన్న నల్లటి ఈగ నోట మట్టి ఉండ పట్టుకుని వచ్చింది. తాళం చుట్టూ తిరిగి తిరిగి, వెళ్ళలేక వెళ్ళింది పాపం.

"దీన్ని మా అమ్మ తాపీమేస్త్రి ఈగ అనేది," అంది బసవమ్మ. "పట్టు పెట్టదు, తేనె ఇవ్వదు. దాని కాపురం దానిదే. కన్నం దొరికితే అందులో గుడ్డు పెట్టి మట్టితో మూసేస్తుంది. మనం దాని జోలికి పోకపోతే మన జోలికి రాదు."

"పుప్పొడి తెచ్చిందంటే పూల మీద వాలుతుందిగా అత్తా? కన్నాలు మనమే ఇస్తేనో?"

అత్త జవాబు చెప్పేలోపలే నాంచారి కొడవలి పట్టుకుని ఏటిగట్టున ఉంది. చిటికెనవేలు దూరీ దూరనంత రెల్లుగొట్టాలు కోసింది. వెనకవైపు కణుపు ఉంచి, ముందువైపు తెరిచి, కట్టగా కట్టింది.

కొత్తిల్లు కదా అని ఆ కట్టకి పసుపు రాసి, బొట్టు పెట్టి, సాంబ్రాణి వేసింది. వచ్చిన ఈగ వచ్చినట్టే పోయింది.

"పొమ్మనలేక పొగబెట్టావు గదే," అని సూరప్పడు నవ్వాడు.

"పట్టుకి పొగబెట్టింది ఎవరో," అంది నాంచారి.

అప్పుడు మళ్ళీ కొత్త రెల్లు కోసి, ఉట్టిలాగా చూరుకి వేలాడదీసింది. అది గాలికి ఊగింది. ఈగ వాలబోయి, వాలలేక తిరిగిపోయింది.

ఆ తర్వాత పొద్దుటెండ పడేచోట, వాన తగలకుండా, గోడకి కదలకుండా బిగించింది. ఈగ దూరింది. దూరిన ఈగ బయటికొచ్చి వెళ్ళిపోయింది. గోడ కట్టడానికి తడిమట్టి ఏదీ? ఎండలకి నేలంతా నెర్రెలిచ్చింది. నాంచారి పాదు పక్కనే చిన్న గుంట తీసి, బంకమట్టి వేసి, నీళ్ళు పోసి ఆరకుండా తడిపింది.

అప్పుడొచ్చాయి అమ్మలూ. ఒకటి, ఇంకొకటి, మరొకటి. పూలలో దూరి దొర్లి, పొట్టకింద పుప్పొడి పులుముకుని, రెల్లులో దూరేవి. పుప్పొడి ముద్ద పెట్టి, దానిమీద గుడ్డు పెట్టి, మట్టిగోడ కట్టేవి. మళ్ళీ ఇంకో గది. ఎవరు నేర్పారో వాటికి, చూడు.

అప్పటికే పాదు వాడుముఖం పట్టింది. నాంచారి పొద్దస్తమానం ఆకులెత్తి చూసేది. ఆఖరి పూలలో ఒక్క పిందె నిలిచింది. ఒక్కటంటే ఒక్కటే. దానికి గాలి తగిలినా, నీడ పడినా లేచి పరిగెత్తేది.

కాయ పెరుగుతుంటే ఇక మనసు రెల్లు మీదికి మళ్ళింది. లోపల ఏం జరుగుతోందో? ఉండబట్టలేక చాకు తీసింది.

"నువ్వు కడుపులో ఉండగా మీ అమ్మ కోసి చూసుకుందటే?" అంది బసవమ్మ.

నాంచారి చాకు దించింది. కానీ ఊరుకోలేక వెళ్ళి రెల్లుకి చెవి ఆనించింది. లోపల గరగర, గరగర. ఎవరో గోడ కొరుకుతున్నారు. "అత్తా, ఇలా రా," అంది. అత్తా వచ్చి చెవి ఆనించింది.

ఆ తర్వాత దోసకాయ పాదుమీదే పండింది. గింజలకి బూడిద పట్టించి చాటలో ఆరబోశారు. అప్పుడే రెల్లు మూతి పగిలింది. ఒక బుల్లి తల బయటికొచ్చి, ఒళ్ళు దులుపుకుని, వెనక్కి చూడకుండా ఎగిరిపోయింది.

"ఉండదా అత్తా?"

"ఉంటే పూల దగ్గరికి ఎవరు పోతారే?"

ఎదురింటి మావుళ్ళమ్మ వచ్చి గింజలడిగింది. నాంచారి పిడికిలి తెరిచింది, మూసింది. మళ్ళీ తెరిచింది. ఒక్క పెరట్లోనే ఉంటే ఒక్క ఎండకే పోతుంది కదా అనుకుని, సగం పోసింది. ఓ కొత్త రెల్లుకట్ట కూడా ఇచ్చింది.

"ఇది గోడకి బిగించు వదినా. ఈగ మూసిన వాకిలి మాత్రం తెరిచి చూడకు. ఓపిక పట్టాలి."

ఆ ఓపిక నేర్పిన మనిషి తెల్లారేసరికి మావుళ్ళమ్మ గోడ దగ్గరే ఉంది, వాలిందా లేదా అని తొంగి చూస్తూ.

మట్టి ఉండ మేస్త్రికి,
పసుపు పువ్వు పాదుకి,
చెప్పిన కథ కంచికి,
చెవి నీది దిండుకి.