అవతలి గట్టు లేని నీళ్ళు

ఓబులమ్మకు యాభై ఏళ్ళు. పొద్దున లేవగానే సూదికి దారం ఎక్కించి కొప్పులో గుచ్చుకోవడం ఆమె అలవాటు. ఇది ఇప్పటి సంగతి కాదు. కొండలకు ఇంకా పేర్లు పెట్టని రోజుల సంగతి.

ఆమె పాత చీరలు పేర్చి బొంతలు కుట్టేది. ఒకనాడు ఎద్దు మీద ఉప్పు తెచ్చినవాడు చెప్పాడు: "తూర్పున కొండలు దాటితే సముద్రముంది. ఆ నీళ్ళకు అవతలి గట్టు లేదు."

ఓబులమ్మ పకపకా నవ్వింది. రోజంతా నవ్వుతూనే ఉంది. ఆ నీళ్ళు చూడాలనుకుంది.

"యాడికి వదినా?" అన్నాడు మరిది. "మొగుడు లేని మనిషివి. చేతిలో ఏముందని పోతావు?"

"సూదుంది."

మరిది ఊరి పొలిమేర దాటి ఎరగడు. అయినా లోకం ఎంత చెడ్డదో అతనికే తెలుసు.

ఆ సీమలో ఒక కట్టడి ఉంది. బొంత మొదలుపెట్టిన మనిషికి ఆఖరి కుట్టు పడేదాకా ఆ ఇంటివాళ్ళే కూడు పెట్టాలి. ఆఖరి కుట్టు పడకుండా ఆ మనిషి ఊరు దాటకూడదు. ఊరికో బొంత కుట్టుకుంటూ పోతే సముద్రం దాకా తిండికి లోటుండదు అనుకుంది ఓబులమ్మ.

మొదటి ఊళ్ళో కుట్టింది. ఆడవాళ్ళు చుట్టూ మూగి, "మీ ఊరెట్లుంటాది?" అని అడిగారు. చెప్పింది. బొంత అయింది, కదిలింది.

రెండో ఊళ్ళో కుట్టింది. దారిలో చూసిన వాగులు, తిరునాళ్ళు, కొట్లాటలు చెప్పింది. బొంత అయింది, కదిలింది.

మూడో ఊళ్ళో బొంత తెమలలేదు. పొద్దున కుట్టిన వరస సాయంత్రానికి ఉండేది కాదు. కళ్ళు పోతున్నాయేమో అనుకుంది. వానలు వచ్చాయి, పోయాయి. మోకాళ్ళు వాచాయి. ఆ నీళ్ళు చూడకుండానే పోతానని ఏడ్చింది.

ఒక మధ్యాహ్నం ఒళ్ళు వాల్చి కళ్ళు తెరిచేసరికి, ఆ ఇంటి కోడలు బాలక్క బొంత మీద వంగి, కుట్లు పళ్ళతో కొరికి లాగుతోంది.

"ఏమమ్మీ! నీకేం పాపం చేసినానే?"

బాలక్క కూలబడింది. "పెండ్లయినాక బావి కాడికి తప్ప యాడికీ పోలేదు పెద్దమ్మా. నువ్వు చెప్తావుంటే నేనే పోయినట్టుంటాది. నువ్వు పోతే నాకు మళ్ళా ఈ పొయ్యే."

ఓబులమ్మ కొట్టడానికి ఎత్తిన చెయ్యి దించింది. "నా నోటితో ఎన్నాళ్ళు తిరుగుతావే? నీ కాళ్ళకేమైంది?"

"మా అత్త తిడతాది."

"నేనెందుకు తిడతానే?" లోపల్నుంచి అత్త గొంతు వినిపించింది. "నేనూ వస్తా!"

ముగ్గురూ కూర్చుని బొంత ముగించారు. ముగ్గురూ చెంగులు బిగించారు.

"మాకు కూడెవరు వండుతారు?" అని వాకిట్లో అడ్డం నిలబడ్డాడు మామ.

"పొయ్యి యాడుందో తెలీకపోతే చూపించి పోతాలే," అంది అత్త.

నడిచారు. దారి పొడుగునా ముగ్గురూ కుట్టారు. చివరికి ఆ నీళ్ళ ముందు నిలబడ్డారు. నిజంగానే అవతలి గట్టు లేదు. బాలక్క అల తగిలి కేక పెట్టింది. అత్త పుక్కిలించి ఉమ్మింది: "ఇంత ఉప్పు పోసిన ముండ ఎవతె?" ఓబులమ్మ ఇసుకలో చతికిలబడి, కడుపు పట్టుకుని నవ్వింది.

ఇప్పటికీ ఆ కొండల కింది ఊళ్ళలో బొంత ముగిసిన రోజున ఆడవాళ్ళు పొయ్యి వెలిగించరు. పిల్లల్ని మొగుళ్ళకు అప్పజెప్పి, పొరుగూరు చూడటానికి పోతారు. ఎక్కడికని అడిగితే "ఓబులమ్మ దారిన" అంటారు. ఆ పూట మగవాళ్ళు చద్ది తింటారు. ఎవరూ చావలేదు.

అత్తాకోడళ్ళు ఇంటికి తిరిగొచ్చారు. ఓబులమ్మ రాలేదు. ఆమె పడవెక్కింది.