చురుకుపాలెం వాళ్ళ ఒకే ఒక్క ప్రశ్న

చురుకుపాలెం వాళ్ళకి తమ తెలివి మీద ఉన్న నమ్మకం ఇంతా అంతా కాదు. "చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వినేదొకటి, చేసేదొకటండి. మేం అలా కాదు. చెప్పింది చెప్పినట్టు చేస్తాం, ఆయ్" అంటాడు ఆ ఊరి పెద్ద తాతబ్బాయి. నిజమే, చేస్తారు. ఊళ్ళోకి వచ్చే మలుపు దగ్గర రోడ్లవాళ్ళు 'హారన్ కొట్టి వెళ్ళండి' అని ఒక బోర్డు పెట్టారు. అంతే. ఆ రోజు నుంచి నడిచి పోయేవాళ్ళు కూడా చేతిలో హారన్ పట్టుకునే తిరుగుతున్నారు. హారన్ లేని ముసలమ్మలు మలుపు దగ్గర కూర్చుని, హారన్ ఉన్నవాడు వచ్చేదాకా ఆగుతారు. నాది పక్క ఊరే కాబట్టి కళ్ళారా చూశాను, లేకపోతే నేనూ నమ్మేవాణ్ణి కాదు.

అలాంటి ఊళ్ళో అంగన్‌వాడీ శ్లాబు కూలింది. అదృష్టం బాగుండి ఆదివారం కూలింది కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. టీచరమ్మని వేరే ఊరికి వేశారు. గుడ్లూ పాలూ కూడా ఆవిడ వెంటే వెళ్ళిపోయాయి. మిగిలింది ఇరవై ముగ్గురు పిల్లలు.

ఆ ఊరి ఆడవాళ్ళంతా రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి పోతారు. పొద్దున్న ఏడింటికి వ్యాను వస్తుంది. నూకరత్నం అనే అమ్మాయికి మూడేళ్ళ కొడుకు, దీక్షిత్. మొగుడు లారీ మీద పోతే నెలకోసారి వస్తాడు. ఇంట్లో ఇంకో మనిషి లేదు. ఇన్నాళ్ళూ పిల్లాణ్ణి చూసుకున్న పక్కింటి ముసలమ్మ ఈమధ్యే కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. దాంతో ఒకరోజు గతిలేక పిల్లాడి కాలిని చీర ముక్కతో మంచం కోడుకి కట్టేసి పనికి వెళ్ళింది. మర్నాడు పిల్లాణ్ణి చంకనేసుకుని వెళ్తే షెడ్డు మేస్త్రీ గుమ్మంలోనే ఆపేశాడు. "పిల్లాణ్ణి తెస్తే రావద్దు. ఈ వారం చూస్తాను, తర్వాత నీ చోట ఇంకో మనిషిని పెట్టుకుంటాను" అన్నాడు. ఈ ఊరివాళ్ళని చూసి నేను నవ్వని రోజు లేదు గానీ, ఆ మంచం కోడు సంగతి విన్నాక మాత్రం నవ్వు రాలేదు.

ఊరివాళ్ళు చేతులు కట్టుకుని కూర్చోలేదు లెండి. శ్లాబు కూలిన వారానికే మండలాఫీసుకి వెళ్ళారు. "మీ ఫైలు కదులుతోంది" అన్నాడు గుమాస్తా. అయితే చూసిపోదాం అని బల్ల చుట్టూ చేరారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఫైలు వంకే చూస్తూ నిలబడ్డారు. ఫైలు కదల్లేదు. మూడింటికి కరెంటు వచ్చి ఫ్యాను తిరిగితే పైనున్న కాగితం ఒక్కటి కొంచెం లేచింది. "కదిలింది" అనుకుని తృప్తిగా ఇంటికొచ్చారు. అలా ఏడాదిన్నర గడిచింది.

నూకరత్నానికి మేస్త్రీ గడువు పెట్టిన ఆ వారంలోనే ఎమ్మెల్యే కామేశ్వరరావు గారు ఊరికి వస్తున్నారన్నారు. 'తల్లిదండ్రులతో ముఖాముఖి' అట. షామియానా వేశారు, కుర్చీలు వేశారు. సభ మొదలయ్యే ముందు ఎమ్మెల్యే గారి పీఏ వచ్చి, "సార్‌కి టైము లేదు. తలా ఒక్క మాట మాట్లాడి కూర్చోండి. అంతకు మించి వద్దు" అని చెప్పి వెళ్ళాడు.

ఇంకేముంది. తాతబ్బాయి తొమ్మిది మందిని పోగేసి, ఉన్న ఒక్క ప్రశ్ననీ తొమ్మిది మాటలుగా పంచాడు. అందరికంటే గట్టి గొంతు గంగరాజుది కాబట్టి చివరి మాట, అంటే అసలు మాట, అతనికిచ్చాడు.

మైకు తిరిగింది.

"మా" అని తాతబ్బాయి కూర్చున్నాడు.

"అంగన్‌వాడీ" అంది అతని భార్య మంగతాయారు.

"శ్లాబు" అంది నూకరత్నం. ఆమెకి చెప్పుకోవాల్సింది చాలా ఉంది. కానీ దక్కింది ఆ ఒక్క మాటే.

"కూలి", "ఏడాదిన్నర", "అయింది", "కొత్తది", "ఎప్పుడు" అని ఇంకో ఐదుగురు వరసగా లేచి కూర్చున్నారు. తొమ్మిదో కుర్చీ ఖాళీగా ఉంది. గంగరాజు టీ తాగడానికి వెళ్ళాడు.

అందరూ టీ బండి వైపు చూశారు. ఎమ్మెల్యే గారు "చాలా మంచి ప్రశ్న" అన్నారు. అని, అరగంట మాట్లాడారు. తల్లి గొప్పతనం చెప్పారు. తన తల్లి గురించి చెప్పి కళ్ళు తుడుచుకున్నారు. శ్లాబు మాట మాత్రం ఎత్తలేదు. "కుటుంబమే దేశానికి పునాది" అన్నారు. పునాదీ మేమే అయ్యి, శ్లాబూ మేమే వేసుకోవాలా అని అడుగుదామని నూకరత్నానికి నోటిదాకా వచ్చింది. కానీ తన మాట ఖర్చయిపోయింది కదా, నోరు మూసుకుని కూర్చుంది.

చివరికి ఆయన గుండె మీద చెయ్యి వేసుకుని, "మీ పిల్లలు నా పిల్లలు. నా ఇంటి తలుపులు మీకు ఎప్పుడూ తెరిచే ఉంటాయి. ఏ ఇబ్బంది ఉన్నా నా దగ్గరికి వచ్చేయండి, నేను చూసుకుంటాను" అన్నారు. చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా కొట్టింది నూకరత్నమే.

"చూశావా, ఎంత మంచాయనో. మనకి తెలియక ఇన్నాళ్ళూ ఆయన పిల్లల్ని మన దగ్గర ఉంచేసుకున్నాం" అంది మంగతాయారు.

అంతే. మర్నాడు ఆరున్నరకల్లా ఇరవై ముగ్గురు పిల్లల్నీ ట్రాలీ ఆటోలో ఎక్కించి టౌనులో ఎమ్మెల్యే గారి ఇంటి ముందు దింపారు. గేటు వేసి ఉంది.

"తలుపులు తెరిచే ఉంటాయన్నారే, ఇది ఆయనిల్లు కాదేమో" అన్నాడు గంగరాజు.

"ఆయనదే. పేరు రాసుంది" అన్నాడు తాతబ్బాయి. "ఎవరో పొరపాటున మూసుంటారు. ఎవరైనా చూశారంటే పెద్దాయన మాట పోతుంది."

పెద్దాయన మాట పోకూడదని నలుగురూ కలిసి గేటుని బందుల మీంచి ఎత్తేసి, గీతలు పడకుండా గోనెపట్టా పరిచి, గోడవారగా పడుకోబెట్టారు. ఈ అలికిడికి ఎమ్మెల్యే గారి భార్య రాజ్యలక్ష్మి గారు బయటికొచ్చారు.

"అమ్మగారూ, మీవారి పిల్లల్ని తెచ్చామండి" అన్నాడు తాతబ్బాయి.

ఆవిడ లెక్కపెట్టడం మొదలుపెట్టి పదకొండు దగ్గర ఆగిపోయారు. "మాకు ఒక్కతే అమ్మాయి" అన్నారు మెల్లగా.

"అది మీ లెక్కండి. ఈ ఇరవై ముగ్గురూ అయ్యగారివేనంట. నిన్న మైకులో ఒప్పుకున్నారు. ఊరంతా విన్నాం. ఈ సంగతి మాకూ నిన్ననే తెలిసింది" అంది మంగతాయారు, ఆవిడని ఓదారుస్తున్నట్టు.

రాజ్యలక్ష్మి గారు మేడ వైపు తిరిగి, "ఏమండీ, ఒకసారి కిందికి రండి" అన్నారు. కేకేసినా బాగుండేది. సగం గడ్డం గీసుకున్న మొహంతో ఎమ్మెల్యే గారు దిగివచ్చేసరికి తాతబ్బాయి వరండాలో కుర్చీ వేసి సిద్ధంగా ఉన్నాడు. "కూర్చోండయ్యా. చూసుకుంటానన్నారు గదండి, ఇక్కణ్ణుంచయితే అందరూ కనబడతారు."

ఆయన ఏదో అనబోయారు. అప్పటికే అర్జీలు పట్టుకుని పాతిక మంది గేటులోంచి, అంటే గేటు ఉండాల్సిన చోటులోంచి, లోపలికి వచ్చి నిలబడ్డారు. అందరి ముందూ కాదనలేక కూర్చున్నారు. దీక్షిత్ ఆయన ఒళ్ళోకి ఎక్కి, "ఒంటికి" అన్నాడు. నూకరత్నం కన్నీళ్ళు తుడుచుకుని, ఆయనకి దణ్ణం పెట్టి, షెడ్డుకి పరుగెత్తింది.

అంగన్‌వాడీ లెక్క ప్రకారం మర్నాడు పిల్లల్ని తూకం వేసే రోజు. హాల్లో దీపాల గుత్తిని దింపి, ఆ కొక్కేనికి తక్కెడ తగిలించారు. దింపిన గుత్తిని పిల్లలు ఆడుకోవడానికి ఇచ్చారు. మూడో రోజుకి గోడల మీద, పిల్లలకి చెయ్యి అందినంత ఎత్తువరకు, రంగు పెన్సిళ్ళతో గీతలే గీతలు. ఆ గోడలకి ఎమ్మెల్యే గారు కూతురి నిశ్చితార్థం కోసం పది రోజుల కిందటే రంగులు వేయించారు. నాలుగో రోజు రాజ్యలక్ష్మి గారు పెట్టె సర్దుకున్నారు.

ఎమ్మెల్యే గారు ఫోను తీశారు. ఏడాదిన్నరగా కదలని ఫైలు ఆ మధ్యాహ్నమే పరుగెత్తింది. ఫైలు పరుగెత్తుతోందని విని తాతబ్బాయి మలుపు దగ్గరికి మనిషిని పంపాడు, అది వచ్చేటప్పుడు హారన్ కొట్టాలని గుర్తుచేయమని.

ఇరవై ఒక్క రోజుల్లో భవనం లేచింది. గులాబీ రంగు గోడలు, నున్నటి నేల, చిన్న చిన్న కుర్చీలు. టీచరమ్మ తిరిగొచ్చింది, గుడ్లొచ్చాయి. ఆ మూడు వారాలూ నూకరత్నం ఒక్క పూట కూడా పని మానలేదు. మేస్త్రీ మెచ్చుకున్నాడు కూడా.

ప్రారంభోత్సవానికి ఎమ్మెల్యే గారే వచ్చారు. మనిషి చిక్కిపోయారు. ఈసారి తల్లుల గురించి ఏమీ మాట్లాడలేదు. కొత్త గోడలు చూడగానే ఆయనకి తన ఇంటి గోడలు గుర్తొచ్చాయి కాబోలు, తాళం చెవి తాతబ్బాయి చేతిలో పెట్టి ఒక్కటే చెప్పారు: "దీన్ని జాగ్రత్తగా కాపాడుకోండి. ఒక్క గీత కూడా పడనివ్వద్దు." పెద్దవాళ్ళు చెప్పినట్టు, చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఇక్కడ మాత్రం వినేవాళ్ళే చెప్పేవాణ్ణి లొంగదీశారు.

మర్నాడు పొద్దున్న ఎమ్మెల్యే గారు చాలా రోజుల తర్వాత హాయిగా కాఫీ తాగుతున్నారు. బయట కొత్త గేటు బందులు కిర్రుమన్నాయి. గోనెపట్టా పరిచిన చప్పుడయింది. ఇరవై ముగ్గురు పిల్లలూ అలవాటైన ఇంట్లోకి వచ్చినట్టు వచ్చి ఎవరి చోట్లో వాళ్ళు కూర్చున్నారు. దీక్షిత్ సోఫా ఎక్కాడు. వెనకాల గుడ్ల ట్రే పట్టుకుని టీచరమ్మ కూడా వచ్చింది.

"భవనం క్షేమమండి" అన్నాడు తాతబ్బాయి. "తాళం వేసి ఇద్దర్ని కాపలా పెట్టాం. ఒక్క గీత పడలేదు. పిల్లలు లోపలికెళితే గీతలు పడతాయి గదండి, అందుకని ఇక్కడికి తెచ్చేశాం."

ఎమ్మెల్యే గారు కప్పు కింద పెట్టి, తల పట్టుకున్నారు. "ఇంకా ఏం అడుగుతారయ్యా నన్ను" అన్నారు.

అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆయన్ని అడగడానికి తలా ఒక్క మాటే కదా, అందరివీ ఆ రోజే అయిపోయాయి. అప్పుడు వెనకనుంచి గంగరాజు జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు. ఆ రోజు టీకి వెళ్ళి చెప్పలేకపోయిన మాటని అతను నెల రోజులుగా నోట్లోనే దాచుకున్నాడు. గొంతు సవరించుకుని, చేతులు జోడించి, హాలంతా దద్దరిల్లేలా అన్నాడు:

"కట్టిస్తారు?"

తమ ప్రశ్న ఇన్నాళ్ళకి పూర్తయిందని చురుకుపాలెం వాళ్ళు చప్పట్లు కొట్టి, పిల్లలకి టాటా చెప్పి, పనికి వెళ్ళిపోయారు.