దొరగారి షికారు పడవ

వేలంగిపాలెం జమీందారుగారు కాలవలో షికారుకని చిన్న పడవ చేయించారు. పట్నం షావుకారు రెండు ఇంజన్లు తెచ్చాడు. పడవ కడుపులో బిగించే పెద్దదొకటి, వెనక తగిలించే చిన్నదొకటి. పెద్దదాన్ని నడిపి చూసిన పూటే, ఆ అలలకి చేపలమ్మే లోవమ్మ దోనె బోల్తా పడింది.

"ఇదే ఖాయం! నా దర్జా జనం చూడాలి," అన్నారు దొరగారు.

గట్టెక్కి తడిచీర పిండుకుంటున్న లోవమ్మ అంది: "చూద్దామనే నిలబడ్డారు బాబయ్యా. నెత్తిమీది గంపలు దించి చేతులు జోడించేసరికి తమరు వంతెన దాటేశారు. దణ్ణాలన్నీ పొగకి పెట్టుకున్నారు."

దొరగారు షావుకారుని కేకేశారు. చిన్నదే బిగించమన్నారు.

మర్నాడు పడవ మెల్లగా సాగింది. గట్టు పొడుగునా దణ్ణాలే. వాటి వెనకే మాటలు: "గండి పడింది బాబయ్యా." "చేలకి నీళ్లందట్లేదు బాబయ్యా." వినబడనట్టు దాటిపోదామంటే ఇంజనుకి అంత జోరు లేదు.

పక్కనే దోనెలో వస్తున్న లోవమ్మ కేసి చూశారాయన. "ఇందుకేనా చిన్నది పెట్టించావు?"

"దణ్ణం అందేంత దగ్గరికొచ్చాక మాట అందకుండా ఉంటుందా బాబయ్యా?" అంది లోవమ్మ, తెడ్డు వేస్తూ.