పెట్టెలోంచి వచ్చిన ఇల్లు

ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నా నోట్లో మిగిలిన మూడు పళ్లూ ఈ పూటే రాలిపోవాలి. మూడూ గట్టిగానే ఉన్నాయి, కావాలంటే లాగి చూసుకో.

ఒక అలమరాలో ఇద్దరు కొయ్యబొమ్మలు ఉండేవాళ్లు. అక్కాచెల్లెళ్లు. ఒకే కొమ్మలోంచి చెక్కారు కాబట్టి ఒకళ్లకి తుమ్మొస్తే రెండోవాళ్లు ముక్కు తుడుచుకునేవాళ్లు. వాళ్లకి ఇల్లు లేదు.

ఒకరోజు ఆ అరలోకి ఒక అట్టపెట్టె వచ్చింది. అందులో ఇల్లుంది, కాకపోతే ముక్కలు ముక్కలుగా. గోడలు, కప్పు, కిటికీలు, గడప, ఒక బంకసీసా, వేలెడంత రంపం. అన్నిటి మీదా ఒక కాగితం కాళ్లు చాపుకుని పడుకుంది. ఆ ఇల్లు ఎలా కట్టాలో దానికొక్కదానికే తెలుసు. తెలిసినవాళ్లు ఊరికే ఉంటారా!

"ముందు నన్ను చదవండి" అంది కాగితం.

"నేను చదువుతా, నువ్వు అతికించవే" అంది అక్క.

చెల్లెలు బంక తీసింది. ఆ బంక ఎలాంటిదంటే, మూత తీయగానే ఆ వాసనకి గోడ మీద పాకుతున్న బల్లి ఉన్నచోటే అతుక్కుపోయి, మనవల్ని ఎత్తేదాకా కదిలేట్టు కనబడలేదు. చెల్లెలు వంటింటి గోడ నిలబెట్టి చెయ్యి తీసేసరికి గోడ తలకిందులుగా ఉంది. పైన ఉండాల్సిన కిటికీ కిందకొచ్చి నేలని ఆనుకుంది.

కాగితం కెవ్వుమంది. పక్క అరలోని ఏనుగుబొమ్మ పరుగున వచ్చి గోడకి తొండం చుట్టి లాగింది. చూడ్డానికి బొటనవేలంతే గాని, దారికి అడ్డమొచ్చిందని ఒక కొండని పక్కకి జరిపిన ఏనుగది. లాగి లాగి దాని దంతాలు వంకరపోయాయి. గోడ మాత్రం రాలేదు.

అక్క నోరు జారింది. "నీ చేతికి ఏ పనీ రాదే. అవతల కూర్చో, నేనే కట్టుకుంటా."

చెల్లెలు బంక వేళ్లు చీర చెంగుకి తుడుచుకుంది. "కట్టుకో తల్లీ, కట్టుకో. అది నీ ఇల్లే. ఆ గడప తొక్కితే నేను బొమ్మనే కాదు, కట్టెపుల్లని!"

అనేసి అలమరాకి ఎదురుగా గోడలో ఉన్న కిటికీ గూట్లోకి వెళ్లి కూర్చుంది. కొయ్యతో పుట్టినవాళ్లకి అంతకంటే పెద్ద ఒట్టు లేదు.

అక్క డీలాపడే రకం కాదు. కొంగు బిగించి మిగతా ఇల్లంతా తనే లేపింది. కప్పు ఎత్తినప్పుడు రేగిన గాలికి మూడు వీధుల అవతల ఆరేసిన బట్టలు ఎగిరిపోయి పక్కూరివాళ్ల ఒంటికి చేరాయి. ఇల్లు నిలబడింది. రాజుల కోటలు నడిచొచ్చి చూసి, సిగ్గుపడి వెనక్కి మళ్లాయి. ఇంక గడప చెక్క ఒక్కటే మిగిలింది.

"అది బిగిస్తే అయిపోయినట్టే" అంది కాగితం.

"ముందు పాలు పొంగనీ" అని అక్క పొయ్యి వెలిగించి, లక్కపిడతల గిన్నెలో పాలు పెట్టింది.

పాలు పొంగలేదు. మంట పెంచింది. గిన్నె అడుగు ఎర్రబడింది, పాలు మాత్రం మీగడ కప్పుకుని నిద్రపోయాయి.

"కొత్తింట్లో పాలు పొంగించాల్సింది ఇంటి ఆడపిల్ల కదమ్మా" అంది ఏనుగు. "మన ఆడపిల్లేమో ఆ గూట్లో ఉంది."

"నాకు తెలీదనుకున్నావా? పుల్లలు ఎగదొయ్యి."

తెలుసు, బాగానే తెలుసు. పాలు పొంగకపోతే అది ఇల్లు కాదు, పెద్ద పెట్టె, అంతే. చెల్లెలు రాకపోతే పాలు పొంగవు.

పొయ్యి ఊదడానికి అక్క నేలమీద చతికిలబడింది. అప్పుడు చూసింది. తక్కిన కిటికీలన్నీ నిలబడి వండుకునేవాళ్ల ఎత్తున ఉన్నాయి. కూర్చుంటే వాటిలోంచి ఆకాశం తప్ప ఏమీ కనబడదు. ఈ తలకిందుల కిటికీ ఒక్కటే సరిగ్గా కళ్లకెదురుగా ఉంది. అందులోంచి ఎదుటి గూడు కనిపించింది. మోకాళ్ల మీద గడ్డం ఆన్చుకున్న చెల్లెలు, ఎండిన బంకతో ఆమె వేళ్లు కూడా కనిపించాయి. ఆమె కూడా ఇటే చూస్తోంది. చూపు కలవగానే మొహం తిప్పేసుకుంది.

"చూశావా, ఎంత తప్పు కిటికీయో" అంది కాగితం.

అక్క గడప చెక్క ఒళ్లో పెట్టుకుని రంపం అందుకుంది.

"అయ్యయ్యో, అది గడప!"

"ఇంకా అవలేదుగా" అంది అక్క.

కరకరా కోసింది. కోసిన ముక్కల్నే కాళ్లుగా అతికించి పీట చేసి పొయ్యి పక్కన వేసింది. ఆ కిటికీలోంచే కేకేసింది. ఆ కేకకి గోడమీది బల్లి కూడా ఊడిపడింది.

"ఏమే! మా ఇంటికి గడప లేదే!"

"గడప లేని ఇల్లేమిటి, విడ్డూరం కాకపోతే!"

"విడ్డూరమే. వచ్చి చూసి, నాలుగు తిట్టి పో."

తిట్టడానికి పిలిస్తే రానివాళ్లెవరు? చెల్లెలు వచ్చింది. గుమ్మం దగ్గర వంగి, తడిమి, చీమ దాటాల్సినంత ఎత్తు కూడా లేదని తేల్చుకున్నాకే లోపల పాదం పెట్టింది.

"తొక్కలేదు సుమా!"

"తొక్కలేదులేవే. కూర్చో" అని అక్క పీట జరిపింది.

చెల్లెలు కూర్చుని అటూ ఇటూ ఊగి చూసింది. "ఒక కాలు పొట్టిదే అక్కా."

"ఏం చెయ్యను, నా చేతికి ఏ పనీ రాదే" అంది అక్క.

చెల్లెలు నవ్వు ఆపుకుంటూ గరిట పెట్టిందో లేదో, పాలు పొంగాయి. పొంగి, అలమరా దిగి, వీధిన పడి పారాయి. పిల్లులు పడవలేసుకుని తిరిగాయి. వేడి గిన్నె దించడానికి మసిగుడ్డ కనబడలేదు. చేతికందిన కాగితాన్నే రెండు ముక్కలు చేసి, చెరో పక్కా పట్టుకుని దించారు.

అదీ సంగతి. నా పళ్లు లెక్కపెట్టు, మూడూ ఉన్నాయా? ఉంటే లే. వడ్రంగి ఇంటికెళ్లి పెద్ద రంపం అడిగి పట్టుకురా. మన గడప టేకుది, చిన్నదానికి లొంగదు. వచ్చేటప్పుడు అడ్డదారిన పడకు. మా చెల్లెలి ఇంటి ముందు నుంచే రా, రంపం బాగా కనబడేట్టు భుజాన వేసుకుని.